కర్త లేని వాక్యాలు

నాలుగు చుక్కలిచ్చే మనుషులు గుమ్మంలోకి రాగానే పైకప్పు వంక చూస్తారు, ఐదు ఇచ్చేవాళ్ళు కిటికీ వంక చూస్తారు, ఇది ఆమె ఇన్నాళ్ళలో పట్టుకున్న సూత్రం, కానీ నిన్న సాయంత్రం మేడ మీది అద్దె గదిలో దిగినాయన ఆ రెండూ చూడకుండా నేల వంక చూశాడు, చూసి ఊరుకున్నా బాగుండేది, గొంతుక్కూర్చుని వేలి కణుపుతో టైల్స్ మీద టకటకా కొట్టాడు, ఒకచోట ఆగి మళ్ళీ కొట్టి, "ఇక్కడ లోపల బోలుందండీ" అన్నాడు, అన్నప్పుడు మొహంలో కోపమూ లేదు, సంతోషమూ లేదు, డాక్టరు రోగి వీపు మీద వేళ్ళు పెట్టి చూసినట్టుంది, అలాంటివాడు ఎన్ని చుక్కలిస్తాడో ఏ సూత్రానికీ అందదు.

ఆమె పరుపు మూల పైకెత్తి దుప్పటి అంచును లోపలికి తోసింది. అరచేతిని నిలువుగా పెట్టి మడత మీదుగా కిందికి లాగింది. నాలుగు మూలలూ అయ్యాక ఫోనులో లైటు వెలిగించి పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. వెలుగు పైనుంచి పడితే లాభం లేదు. పక్కనుంచి ఏటవాలుగా పడాలి. అప్పుడు పైనుంచి కనబడని వెంట్రుక కూడా తన నీడను తోడు తెచ్చుకుని లేచి నిలబడుతుంది. ఒకటి దొరికింది. పొడుగ్గా, సగం నుంచి తెల్లగా.

"వదినా, జుట్టుకి గుడ్డ కట్టుకోమన్నానా లేదా?"

బాత్రూమ్‌లో వైపర్ చప్పుడు ఆగింది. "కట్టుకున్నానే పిల్లా. అది నా నెత్తి మీద ఉండనంటోంది. ఊరందరికీ మెసేజ్‌లు పెడతావుగా, దానికీ ఒకటి పెట్టి చూడు."

"నవ్వులాట కాదు. ఒక్క వెంట్రుకకి నాలుగైపోతుంది."

"ఐదుకి నాలుగంటే ఫస్టు క్లాసేగా. మీ ఆయనకి జన్మలో వచ్చిందా అలాంటి మార్కు?"

ఆమె నవ్వలేదు. ఎన్నోసార్లు చెప్పింది వదినకి, ఫోనులో గదులు అద్దెకిప్పించే కంపెనీ వాళ్ళ లోకంలో నాలుగు అంటే తప్పినట్టేనని. ఈ నెలాఖరుకి లెక్క తీస్తారు. అప్పటికి చుక్కల సగటు వాళ్ళు పెట్టిన గీత దాటి ఉంటే, ఆమె పేరు ముందున్న గుండ్రటి ఫొటో పక్కన చిన్న బిళ్ళ వచ్చి కూర్చుంటుంది. టాప్ హోస్ట్. బిళ్ళ ఉన్న ఇళ్ళు వెతికేవాళ్ళకి ముందు కనబడతాయి. లేనివి ఎక్కడో అడుగున ఉంటాయి, వేలు నొప్పెట్టేదాకా పైకి తోసినా రావు. వెనక సందులో ఒక సంస్థ ఆరంతస్తుల భవంతి మొత్తం తీసుకుని అన్ని గదులకీ ఒకే రంగు తెరలు వేలాడదీసింది. అడుగున పడితే మళ్ళీ కొరియర్ ఆఫీసు కౌంటరే. అద్దంలో చిన్న కంత, ఆ కంతలోంచి లోపలికొచ్చే చేతులు, "ఏమ్మా, ఎంతసేపు?" అనే గొంతులు. ఆ కంతలోంచి ఆమె మొహాన్ని ఎవరూ చూసిన గుర్తులేదు. ఇప్పుడు గుండ్రటి ఫొటోలో అందరికీ కనబడేది ఆ మొహమే. దాని పక్కన ఒక్క గుర్తు కావాలి. అంతే. గీతకి ఇవతల వెంట్రుకవాసిలో ఉంది. టైల్సాయన ఐదు ఇస్తే దాటుతుంది.

ఆయన టైల్స్ వ్యాపారి. ఊళ్ళో ఏదో ప్రదర్శన జరుగుతోందని భార్యతో సహా వచ్చాడు. నాలుగు రోజులుంటారు. వాళ్ళకిచ్చిన మేడ మీది గది నిజానికి వదినది. ఇప్పుడు వదిన కింద వంటింటి వెనక గదిలో పడుకుంటోంది, అక్కడైతే టీకి దగ్గరని.

కింద గేటు కిర్రుమంది. మెట్ల మీద రెండు జతల చెప్పులు. "మా ఆవిడ కళ్ళజోడు మర్చిపోయిందండీ" అంటూ టైల్సాయన గొంతు పైకి వచ్చింది.

వదిన బాత్రూమ్ గుమ్మంలోకి వచ్చి వైపర్‌ని పక్కన నిలబెట్టుకుని గోడకి ఆనుకుంది. ఒక్క క్షణంలో ఆవిడ భుజాలు కిందికి జారాయి, చూపు నేల మీదికి దిగింది. ఎవరూ చెప్పలేదు అలా నిలబడమని. ఆమె కూడా లేచి నిలబడి, గొంతులోంచి ఏదో తీసి పక్కన పెట్టినట్టు మాట మార్చింది.

"బాత్రూమ్ అయిపోయిందా?"

"అయిందండీ."

"కింద టీ పెట్టడం అయితే, వీళ్ళకి పైకి పంపాలి."

"అలాగేనండీ" అంది వదిన, టైల్సాయన భార్య అటు తిరగ్గానే ఆమెకి కన్నుకొట్టి.

అది ఆమె నేర్చుకున్న విద్య. అతిథుల ముందు వదినని 'మీరు' అంటే, పనావిణ్ణి మీరు అంటుందేమిటని వాళ్ళు అనుకుంటారు. 'నువ్వు' అనడానికి నోరు రాదు. అందుకని ఎవరినీ పిలవని వాక్యాలు మాట్లాడుతుంది. తువ్వాళ్ళు మార్చాలి. దీపం ఆర్పడం అయిందా. గేటు దగ్గర ఎవరో వచ్చినట్టున్నారు, చూస్తే బాగుండు. మాటలో పని ఉంటుంది, చేసే మనిషి ఉండదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారి ఎదుట భర్తతో ఇలాగే మాట్లాడేది. భోజనానికి రావడమేనా, ఆఫీసుకి వెళ్ళడం లేదా. అప్పుడు అది సిగ్గు. ఇప్పుడు దాన్ని ఏమనాలో ఆమె ఆలోచించలేదు.

మొదలైనప్పుడు అది ఆట. మొదట్లో వచ్చిన ఒకాయనకి వదిన చీపురు చేత్తో పట్టుకునే గేటు తీసింది. "మేడమ్‌గారున్నారా?" అన్నాడాయన. వదిన ఏమాత్రం తొణక్కుండా "ఉన్నారండీ, పిలుస్తానుండండి" అని లోపలికొచ్చి, వంటింట్లో గోడకి తల ఆనించి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. "పదండి మేడమ్‌గారూ, మీకోసం ఎవరో వచ్చారు." ఆయన వెళ్ళేటప్పుడు ఐదు చుక్కలిచ్చి, ఇంట్లో సహాయకురాలు కూడా ఉండటం ఎంతో హాయి అని రాశాడు. ఆ రోజే ఆమె ఇంటి వివరాల్లో ఒక ముక్క చేర్చింది: సహాయకురాలు అందుబాటులో ఉంటారు. రాసేటప్పుడు తనకు తాను చెప్పుకుంది, అబద్ధమేముంది, సహాయం చేస్తుంది కనక సహాయకురాలే. ఆ తర్వాత వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. పైగా వదిన ముందు వాళ్ళు దాపరికం లేకుండా మాట్లాడుకునేవాళ్ళు. దిండు ఎత్తుగా ఉందనీ, వేడినీళ్ళు సన్నగా వస్తున్నాయనీ, ఆమె మొహం మీద అనని మాటలన్నీ వదిన వంటింటికి మోసుకొచ్చేది. మర్నాటికల్లా దిండు మారేది. వదిన ఆ పనిని "నా గూఢచారి ఉద్యోగం" అనేది.

కళ్ళజోడు కోసం వచ్చిన మర్నాడు సాయంత్రం ఆమె మెట్ల మలుపులో రెయిలింగు తుడుస్తుంటే టైల్సాయన భార్య పైనుంచి దిగుతూ ఆగింది. సన్నటి మనిషి. మాట్లాడే ముందు అటూ ఇటూ చూసే అలవాటు.

"మీరేమీ అనుకోకపోతే ఒక్క మాటండీ."

"చెప్పండి."

"ఇల్లు అద్దంలా ఉంచారు. వంక పెట్టడానికి లేదు. మీ పనావిడ కూడా మంచిదే, పాపం నోట్లో నాలుక లేదు. కాకపోతే..." ఆవిడ గొంతు తగ్గించింది. "నిన్న మేం వచ్చేసరికి వరండాలో పేము కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చునుంది. మమ్మల్ని చూసి లేచిందనుకోండి. నాకేం పట్టింపు లేదు. మా ఆయనే... ఆయన మొహాన ఏమీ అనరు. రాసేటప్పుడు రాస్తారు. ముందే మీ చెవిన వేస్తే మంచిదని."

"చెప్తానండి" అంది ఆమె.

ఆవిడ దిగి వెళ్ళిపోయాక కూడా ఆమె చేతిలో గుడ్డ రెయిలింగు మీద ఒకేచోట తిరుగుతూ ఉంది. తన నోరు అంత తొందరగా, అంత మర్యాదగా ఆ మాట ఎలా అన్నదో ఆమె వెనక్కి వెళ్ళి చూసుకోవాలనుకుంది. కానీ మనసు అప్పటికే ముందుకి వెళ్ళిపోయి, ఎలా చెప్పాలా అని వాక్యాలు పేర్చుకుంటోంది. వదినా, మీరు వరండాలో కూర్చోకండి. ఛీ. వదినా, వాళ్ళున్న ఈ రెండ్రోజులు కాస్త. అదీ బాగాలేదు. సాయంత్రాలు వరండా ఖాళీగా ఉంటే బాగుంటుందేమో. ఇది బాగుంది. ఇందులో వదిన లేదు, కుర్చీ లేదు, కూర్చోవడం కూడా లేదు. వరండా ఒక్కటే ఉంది. దుప్పటి మూల సరిగ్గా మడత పడ్డప్పుడు చేతికి తెలిసే తృప్తి లాంటిదేదో ఆమెకి కలిగింది. కలిగినందుకు ఒళ్ళు జలదరించింది కూడా. రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, ఏది ముందో చెప్పడం కష్టం.

వెనక గదిలో వదిన దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది. గిన్నెలో వేళ్ళు ముంచి నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించగానే లేచే ఆవిరికి మొహం పక్కకి తిప్పుకుంటోంది. మంచం మీద వదిన తమ్ముడు, ఆమె భర్త, రాత్రి డ్యూటీకి వెళ్ళే ముందు కునుకు తీస్తున్నాడు.

"వదినా," అంది ఆమె. "సాయంత్రాలు వరండా..."

"పేము కుర్చీ గురించేగా?" వదిన తల ఎత్తలేదు. "మలుపు కింద బట్టలు తీస్తున్నాను. అంతా వినబడింది. నోట్లో నాలుక లేదట నాకు! ముందు మీ ఆయన్ని లేపి చెప్పు, లేకపోతే మళ్ళీ నమ్మడు."

"నాకు వినబడుతూనే ఉంది" అన్నాడు ఆమె భర్త కళ్ళు మూసుకునే. "ఆవిణ్ణి ఓ వారం మనింట్లో ఉంచుకుంటే తెలుస్తుంది నాలుక సంగతి."

వదిన గలీబు మడిచి పక్కన పెట్టింది. మరొకటి తీసుకుంది. "ఇవాళ్టి నించీ వంటింటి మెట్టు మీద కూర్చుంటాలే. చల్లగా ఉంటుంది."

"వద్దు. నేను చెప్పేస్తాను వాళ్ళకి. పనావిడ కాదు, మా వదినండీ అని."

అంటున్నప్పుడే ఆమెకి తెలుసు, వదిన ఒప్పుకోదని. తెలిసే అన్నది. ఒప్పుకోరని తెలిసిన చోట మంచితనం చూపించడంలో ఎంత సుఖం ఉందో ఆ క్షణంలో ఆమెకి బాగా అర్థమైంది.

"మతి పోయిందా?" వదిన ఇస్త్రీ పెట్టెని నిలబెట్టింది. "చెబితే ఏమవుతుంది? వాళ్ళకి సిగ్గేస్తుంది. సిగ్గుపడినవాడు మనకి ఐదు చుక్కలిస్తాడా? తన సిగ్గుకి మనమే కారణమని కోపం తెచ్చుకుంటాడు. సహాయకురాలు అని రాసుకున్నారు, మోసం అంటాడు. ఇన్నాళ్ళు పడ్డదంతా ఎవరి కోసమే? ఆ బిళ్ళ నీ ఒక్కదానికే అనుకుంటున్నావా? ఆ బాత్రూమ్ మూలలు పాత టూత్‌బ్రష్‌తో ఎవరు తోమారు? నాకూ కావాలది. వచ్చాక మైకు పెట్టి చెప్పు, మా వదిన, మా వదిన అని. అంతవరకూ నోరు మూసుకో."

"అక్కకి లేని బాధ నీకెందుకు?" అన్నాడు భర్త, లేచి తువ్వాలు వెతుక్కుంటూ.

అందరూ ఒప్పుకున్నారు. అంతకంటే ఏం కావాలి. ఆ సాయంత్రం వరండాలో పేము కుర్చీ ఖాళీగా ఉంది. టైల్సాయన వచ్చి అందులో కూర్చోబోయి, నడుము పట్టక, చేతులు ఆనించి లేచి, కుర్చీ వంక అనుమానంగా చూసి పైకి వెళ్ళిపోయాడు. వంటింటి మెట్టు మీద వదిన మోకాళ్ళు దగ్గరికి లాక్కుని టీ తాగుతోంది. ఆ మెట్టు మీద కాళ్ళు చాపడానికి చోటు లేదు.

ఆ మర్నాడు వాన. ఉతికిన దుప్పట్లు ఆరలేదు. తిరిగే ఫ్యాను కింద ఒకటి, తలుపు మీద ఒకటి, కుర్చీల వీపుల మీద తువ్వాళ్ళు, ఇల్లంతా తడి సబ్బు వాసన. పొద్దున్నే పైనుంచి కబురు, గీజరు పనిచేయడం లేదని. స్విచ్ వేస్తే టక్కుమని పడిపోతోంది. కరెంటతనికి ఫోను చేస్తే వాన తగ్గాక వస్తానన్నాడు. ఈ రోజున ఇలా కావాలా అని ఆమె మీటరు పెట్టె ముందు నిలబడి పళ్ళు బిగించింది. గీజరు పోతే ఒక చుక్క పోతుంది. వీల్లేదు, పోకూడదు.

రెండు పొయ్యిల మీదా నీళ్ళు పెట్టారు. బకెట్లు ఒకటి ఆమె, ఒకటి వదిన. మెట్ల మీద పోటీ పడుతున్నట్టు ఎక్కారు. నీళ్ళు తొణక్కుండా మోయడానికి వదిన చెయ్యి దూరంగా పెట్టి, శరీరాన్ని రెండో పక్కకి వంచి, ప్రతి మెట్టు దగ్గరా ఒక్క క్షణం ఆగుతోంది. పైన టైల్సాయన తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు. నిజానికి ఆయన మంచివాడు. వదిన చేతిలోంచి బకెట్ అందుకోబోయాడు కూడా.

"జాగ్రత్తమ్మా, జారుతుంది. నువ్వు ఇక్కడే ఉంటావా, ఎక్కణ్ణుంచైనా వచ్చి పోతుంటావా?"

"ఇక్కడేనండి. వెనక గదిలో."

"చాలా ఏళ్ళ నుంచా?"

"చిన్నప్పట్నుంచీనండి."

ఆయన తల ఊపి, వదిన తల మీదుగా ఆమె వంక చూశాడు. "ఇలా నమ్మకంగా పనిచేసేవాళ్ళు దొరకడం ఈ రోజుల్లో చాలా కష్టమండీ. అదృష్టవంతులు మీరు."

ఆమె చేతిలో బకెట్ బరువుగా ఉంది. ఆవిరి గడ్డానికి తగులుతోంది. ఆయన జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. వదిన వంగి బకెట్‌ని బాత్రూమ్ గడప దాటిస్తోంది. ఆవిడ వీపు మాత్రమే కనబడుతోంది.

"అవునండి" అంది ఆమె.

మధ్యాహ్నానికి కరెంటతను వచ్చి లోపలి తీగ మార్చి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ గొడుగు వేసుకుని ప్రదర్శనకి వెళ్ళారు. భర్త నిద్రపోతున్నాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆమె ఫోనులో రేపటి తర్వాత రాబోయేవాళ్ళ ప్రశ్నలకి జవాబులు పెడుతూ, ఇంకో చేత్తో కుర్చీ మీది తువ్వాలు ఆరిందో లేదో చూస్తూ వంటింట్లోకి వెళ్ళింది. వదిన అటు తిరిగి గిన్నెలు తోముతోంది. కిటికీలోంచి వచ్చే బూడిదరంగు వెలుతురులో కుళాయి నీళ్ళు, నురగ, ఆవిడ మోచేతులు.

"రేపు పొద్దున వాళ్ళు లేచేలోపు పొడి తువ్వాళ్ళు పైన పెట్టాలి" అంది ఆమె, ఫోను మీంచి తల ఎత్తకుండా.

"అలాగేనండి" అంది వదిన.

ఆమె నవ్వబోయింది. పెదవులు సిద్ధమయ్యాయి కూడా. వదిన ఇటు తిరిగి కన్నుకొట్టాలి, మేడమ్‌గారూ అనాలి, అప్పుడు నవ్వాలి. వదిన తిరగలేదు. గిన్నె కడిగి బోర్లించింది. మరొకటి తీసుకుంది. ఆమె కుళాయి వైపు వస్తోందనుకుని అర అడుగు పక్కకి జరిగి చోటిచ్చింది. ఆ జరగడం కూడా మామూలుగా ఉంది, ఎప్పటి నుంచో అలవాటైనట్టు. ఆవిడ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు.

ఎవరూ లేరు. పైన గది ఖాళీ. మెట్ల మీద చెప్పులు లేవు. మరి ఈ మాట ఎవరి కోసం? ఆమె ఫోను పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ 'అండి' ఎంత మెత్తగా వచ్చిందంటే, అందులో వెక్కిరింత ఉంటే బాగుండునని, కోపం ఉంటే ఇంకా బాగుండునని ఆమెకి అనిపించింది. తిట్టినా సరే. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున "ఏమే పిల్లా, ఇడ్లీ గిన్నె అలా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది" అని చెయ్యి లాగిన మనిషి. అప్పటి నుంచి ఆవిడ నోట పిల్లా తప్ప మరో మాట లేదు. ఇవాళ పొద్దున్నుంచి ఆ మాట విన్నదా? గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. బకెట్ల దగ్గర లేదు. కరెంటతను వచ్చినప్పుడు లేదు. అంతకంటే వింత, తను వదినా అన్నదా? అదీ లేదు. తువ్వాళ్ళు పెట్టాలి అన్నది. ఎవరూ లేని వంటింట్లో, ఇద్దరే ఉన్నప్పుడు, ఎవరినీ పిలవని వాక్యం. ముందు ఆ గొంతు మార్చింది తను. దానికి సరిపోయే జవాబు వచ్చింది, అంతే.

వదినా అని పిలుద్దామనుకుంది. మామూలుగా, ఏదో ఒక పనికి. వదినా, ఉప్పెక్కడ? గొంతుదాకా వచ్చి ఆగింది. అది మామూలు మాటగా లేదు ఇప్పుడు. క్షమాపణలా వినబడుతుంది. తువ్వాళ్ళు తీసుకుని ఇవతలికి వచ్చేసింది.

ఆ సాయంత్రమంతా ఆమె తన మనసుతో బేరమాడింది. రేపు పొద్దున వెళ్ళిపోతారు. నెలాఖరు వస్తుంది. బిళ్ళ వస్తుంది. అప్పుడు వివరాల్లో ఆ ముక్క తీసేయొచ్చు. రాబోయేవాళ్ళకి మొదటే చెప్పొచ్చు. ఇంత దూరం వచ్చి ఒక్క పూట ఆగలేదా? వదినే ఆగమంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ చెప్పింది. ఆ మాట ఆమెకి కవచంలా ఉంది. కానీ నిన్న ఆ మాట చెప్పిన వదినకీ ఇవాళ కుళాయి దగ్గర పక్కకి జరిగిన వదినకీ మధ్య ఏదో తేడా ఉంది. నిన్నటావిడ ఒప్పుకుంది. ఇవాళ్టావిణ్ణి ఎవరూ అడగలేదు.

పొద్దున్న ఆకాశం తేటగా ఉంది. కారు గేటు ముందు ఆగి ఉంది. డ్రైవరు డిక్కీ తెరిచి పెట్టెలు సర్దుతున్నాడు. టైల్సాయన భార్య అప్పటికే వెనక సీట్లో కూర్చుని అద్దం దించుకుంది. ఆయన మెట్ల కింద నిలబడి జేబులోంచి ఫోను తీశాడు.

"తర్వాత వేస్తానంటే మర్చిపోతానండీ. మీ ముందే వేసేస్తాను, ఓ పని అయిపోతుంది."

ఆయన ఫోనుని దూరంగా పెట్టి, కళ్ళు చిట్లించి, బొటనవేలితో నొక్కుతున్నాడు. చుక్కలు ఒక్కొక్కటే పసుపుపచ్చగా వెలిగాయి. నాలుగోది వెలిగింది. వేలు ఒక్క క్షణం ఆగింది. ఐదోది వెలిగింది.

"నేల సంగతి రాయన్లెండి. ఒక్క టైలేగా" అని నవ్వాడాయన. "ఏం రాయమంటారు? శుభ్రం. మర్యాద. గీజరు పాడైనా నీళ్ళకి లోటు రానివ్వలేదు." వేలు అక్షరాల మీద నెమ్మదిగా నడుస్తోంది. ఇంకా పంపలేదు. కింద ఆకుపచ్చ గడి అలాగే ఉంది, నొక్కడానికి సిద్ధంగా. "ఆఁ, మీ పనావిడ గురించి కూడా ఓ మాట రాయాలి. ఇలాంటివాళ్ళ గురించి ఎవరూ రాయరు. పేరేమిటండీ ఆవిడది?"

మెట్ల పైనుంచి వదిన దిగుతోంది. టైల్సాయన భార్య మర్చిపోయిన చేతిసంచీ ఆవిడ మోచేతికి వేలాడుతోంది. ఇంకో చేతిలో నీళ్ళ సీసా. ఆయన మాట వినబడింది. మలుపు దగ్గర ఆగి, ఆయన భుజం మీదుగా ఆమె కళ్ళల్లోకి చూసి, తల చిన్నగా అడ్డంగా ఊపింది. వద్దు.

పేరు చెబితే చాలు. పేరు అబద్ధం కాదు. ఆయన రాసుకుంటాడు, ఆకుపచ్చ గడి నొక్కుతాడు, కారు వెళ్ళిపోతుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. లోకమంతా చదివే చోట వదిన పేరు ఉంటుంది, పక్కన పనావిడ అని ఉంటుంది, ఎన్నేళ్ళైనా ఉంటుంది. దాని పైన గుండ్రటి ఫొటోలో తన మొహం. మొహం పక్కన బిళ్ళ.

"పేరండీ?" అన్నాడాయన మళ్ళీ, వేలు అక్షరాల మీద నిలిపి.

వదిన ఇంకో మెట్టు దిగింది. సంచీ బరువుకి ఒక భుజం కిందికి వంగి ఉంది. ఆవిడ చూపు ఇప్పుడు నేల మీదికి వెళ్ళిపోయింది.

ఆమె ఆయన పక్కనుంచి తప్పుకుని మెట్లెక్కింది. వదిన మోచేతికి ఉన్న సంచీ పట్టీ పట్టుకుంది. వదిన వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు.

"మీరు మోయకండి వదినా. ఇలా ఇవ్వండి" అంది, గేటు దాకా వినబడేలా.

వదిన వేళ్ళు సడలాయి. కింద ఆయన తలెత్తి చూశాడు. కారు అద్దంలోంచి ఇంకో మొహం కూడా ఇటు తిరిగింది. బొటనవేలు ఫోను మీద గాలిలో ఆగి ఉంది.

"మా ఆయనకి అక్కగారండి" అంది ఆమె ఆయనతో, సంచీ తన భుజానికి వేసుకుంటూ. "పేరు ఆవిణ్ణే అడగండి."